అత్తగారి సీటు కింద

వ్యాను కింద పరిచిన అట్టముక్క మీద మళ్ళీ నల్లటి చుక్కలు పడ్డాయి. బొంగరం ఆ అట్టని పైకి తీసి చూశాడు, తిప్పి చూశాడు, వాసన చూశాడు, చివరికి ఒళ్ళుమండి గోడకేసి కొట్టాడు. అట్టేం చేసింది పాపం! రెండుసార్లు గేర్‌బాక్సు దింపి, రెండుసార్లు ఇంజను వెనక నూనె ఆపే సీలు మార్చి, రెండుసార్లూ "ఇక చుక్క కారితే నా పేరు మార్చుకుంటా" అని అక్క దగ్గర కోతలు కోసింది తనే కదా. పేరు మార్చుకోవడానికి అతనికి పెద్ద అభ్యంతరమేమీ లేదు, అసలు పేరు ఎలాగూ ఎవరికీ గుర్తు లేదు. నిమిషం పాటు ఒక్కచోట నిలబడలేడని చిన్నప్పుడు అక్క పెట్టిన బొంగరం అన్న పేరే మెకానిక్ షెడ్డు బోర్డు మీదికి కూడా ఎక్కింది.

వ్యాను అక్కది. కాగితాల్లో బావ పేరుంది, అది వేరే సంగతి. బావ వాళ్ళది లాండ్రీ. ఆసుపత్రి దుప్పట్లు, లాడ్జీల తువ్వాళ్ళు, హోటళ్ళ బల్లగుడ్డలు మూటలు మూటలుగా వస్తాయి, ఉతికి ఇస్త్రీ అయ్యి మూటలు మూటలుగా పోతాయి. మెషీన్లూ బాయిలరూ బావ చూసుకుంటాడు. అక్క కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిరి గదిలో ఇస్త్రీ బల్ల ముందు నిలబడింది. ఆ గదికి కిటికీ లేదు. చేతుల నిండా బొబ్బలు, ఛాతీలో వదలని దగ్గు. పాత డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేసిన రోజున "నేను తోలతా" అంటే అందరూ పడీపడీ నవ్వారు. లైసెన్సు తెచ్చి బల్ల మీద పెట్టాక ఆ నవ్వులు ఎటు పోయాయో మరి కనపడలేదు. సాయంత్రం పూట "ఫలానా సందులో ఎలా రివర్సు చేశాననుకున్నావురా" అని అక్క కళ్ళు పెద్దవి చేసుకుని చెప్తుంటే, పెళ్ళికి ముందు చూసిన మనిషి మళ్ళీ కనపడినట్టయ్యేది బొంగరానికి.

అలాంటి బండికి ఈ కారుడు రోగం పట్టుకుంది. మొన్నీమధ్య నడిరోడ్డు మీద ఆయిలు అయిపోయి ఎర్ర లైటు వెలిగింది. అక్క చటుక్కున ఇంజను ఆపేసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడికక్కడే పట్టేసేది. బావ మాటలు తక్కువ మనిషి. నిన్న భోజనాల దగ్గర ఒక్క మాట అన్నాడు. "పాత ఇనుము కొనే ఆయనకి చెప్పాను, రేపు మధ్యాహ్నం వచ్చి లాక్కుపోతాడు" అని. ఇకనుంచి అద్దె వ్యాను వస్తుంది, దాంతోపాటే దాని డ్రైవరూ వస్తాడు. అక్కకి మళ్ళీ ఇస్త్రీ బల్లే గతి.

ఆ మధ్యాహ్నం ఇవాళే. పొద్దున్నే షెడ్డుకి తాళం వేసి లాండ్రీ పెరట్లో దిగాడు బొంగరం. దిగిన దగ్గర్నుంచీ కాలుగాలిన పిల్లిలా వ్యాను చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

అక్క చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఏమైందిరా?"

"ఏముంది, ఏడుస్తోంది."

"ఎక్కణ్ణించి?"

"అది తెలిస్తే నేనెందుకు ఏడుస్తాను?"

మామూలుగా అయితే అక్క నవ్వేసేది. ఇవాళ నవ్వలేదు. వ్యాను తలుపు మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అంది. "చూడు, ఆ గదిలోకి మళ్ళీ నేను పోలేను. నిన్న తలుపు దగ్గర నిలబడితేనే ఊపిరాడలేదు. నీ చేత కాకపోతే కాదని ఇప్పుడే చెప్పు. ఇంకోసారి నువ్వు ధైర్యం చెప్పి, నేను నమ్మి, తర్వాత కాదంటే తట్టుకోలేను రా."

బొంగరం స్క్రూడ్రైవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ ఉండిపోయాడు.

అంతలో వ్యాను లోపల్నుంచి ఒక గొంతు వినపడింది. "అబ్బాయ్, మీ అక్కకి చెప్పు. లాడ్జీ తువ్వాళ్ళలో ఒకటి తక్కువొచ్చింది."

అక్క అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. అయినా తమ్ముడి వైపే చూసి, "అది నిన్నటి మూటలో కలిసిందని చెప్పరా ఆవిడకి" అంది.

ఆవిడ అక్కకి అత్తగారు. డ్రైవరు పక్క సీటు ఆవిడది. బండి కదులుతున్నా, ఆగున్నా, చివరికి దాని ప్రాణం పోతున్నా సరే, ఆ సీట్లోనే కూర్చుని ఒళ్ళో దారాల డబ్బా పెట్టుకుని గుర్తులు కుడుతూ ఉంటుంది. వందల దుప్పట్లు కలిసిపోయే చోట ఎవరి గుడ్డ ఎవరిదో తెలియాలంటే మూల మీద దారంతో గుర్తుండాలి. ఆసుపత్రికి ఎర్ర గీతలు, లాడ్జీకి నీలం చుక్క. ఇంట్లో వాళ్ళ బట్టలకీ తప్పదు. కొడుక్కి ఆకుపచ్చ ముడి, కోడలికి పసుప్పచ్చ కత్తెర గుర్తు. బొంగరం తన నూనె చొక్కాలు ఉతకడానికిస్తే నల్లదారంతో కాడ ఉన్న చిన్న గుండ్రం కుట్టి పంపింది ఆవిడ. అది బొంగరం బొమ్మని అతనికి వారం తర్వాత వెలిగింది.

కోడలు ఇస్త్రీ బల్ల వదిలి స్టీరింగు పట్టుకున్న రోజున ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. ఆవిడ ఒకటంటే ఈవిడ రెండంది. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా సూటిగా మాటల్లేవు. పట్నమంతా పక్కపక్కన కూర్చుని తిరుగుతారు, ఏదైనా చెప్పాలంటే మాత్రం మధ్యలో మూడో మనిషి ఉండాలి. ఎవరూ దొరక్కపోతే అత్తగారు ఎదురుగా ఉన్న అద్దానికి చెప్తుంది, కోడలు దానికే జవాబు చెప్తుంది.

అక్క లోపలికి వెళ్ళిపోయింది. బొంగరం వ్యాను చుట్టూ ఇంకో ప్రదక్షిణం చేసి టక్కున ఆగాడు. తను ఇన్నాళ్ళూ చేసిందేమిటి? కింద పడుకుని, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట తడి చూసి, ఇంకేముంది వెనక సీలే అనుకున్నాడు. నూనె పైనెక్కడో బయల్దేరి, ఇంజను ఒళ్ళంతా పాకి, అన్నిటికన్నా కింద ఉన్న చోటికొచ్చి చుక్క కడుతుందని పని నేర్చుకునే రోజుల్లోనే చెప్పారు. ముందు కడగాలి, తర్వాత పొడి చల్లాలి, తర్వాత ఇంజను ఆడించి కళ్ళల్లో వత్తులు వేసుకుని పైనుంచి కిందికి చూడాలి. ఇదంతా తెలిసీ పప్పులో కాలేశాడు. ఎందుకంటే, ఈ రకం పాత వ్యానుల్లో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. పైనుంచి చూడాలంటే సీటు విప్పి, దాని కింద రేకు మూత ఎత్తాలి. సీటు విప్పాలంటే అత్తగారు లేవాలి. ఆ మాట అడిగిన ప్రతిసారీ ఆవిడ ఒంటికాలి మీద లేచింది, సీట్లోంచి మాత్రం లేవలేదు.

"అత్తయ్యా, కాస్త దిగాలి మీరు."

"నా సీటు ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు. మధ్యాహ్నం ఆ ఇనుపాయన వచ్చి సీటుతో సహా పట్టుకుపోతాడు, ఆయనకీ చెప్పండి."

సూది ఆగింది. ఆవిడ అతని మొహంలోకి చూసింది, తర్వాత కాళ్ళ కిందున్న రేకు వంక చూసింది. "పైపైన చూసి పెట్టెయ్. లోపలివన్నీ కెలక్కు" అంటూ దారాల డబ్బా చంకన పెట్టుకుని దిగి, గోడ పక్కన మెట్టు మీద కూర్చుంది.

కెలకొద్దట! బొంగరానికి అనుమానం మొదలైంది. బండి పోతే ఎవరికి లాభం? కోడలు మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరికి వస్తుంది, ఆవిడ మాటే నెగ్గుతుంది. ఛీ, పెద్దావిడ గురించి ఏమిటీ ఆలోచన అని తన తల మీద తనే ఒకటి మొట్టుకున్నాడు. మొట్టుకున్నా ఆ అనుమానం మాత్రం పోలేదు.

సీటు విప్పాడు, రేకు మూత ఎత్తాడు. ఇంజను నెత్తి మీద జిడ్డు ఎంత మందాన ఉందంటే దాని అసలు రంగేమిటో పోల్చుకోలేం. డీజిలూ బ్రష్షూ పెట్టి రుద్దాడు, గుడ్డతో తుడిచాడు, మళ్ళీ రుద్దాడు. మధ్యమధ్యలో వీధి గుమ్మం దాకా వెళ్ళి ఇనుపాయన లారీ వస్తోందేమో చూసి వచ్చాడు. బాగా ఆరాక ఇస్త్రీ గదిలోకి వెళ్ళి ఒక డబ్బాడు గంజి పొడి పట్టుకొచ్చి ఇంజను మీద పల్చగా జల్లాడు. నల్లటి ఇంజను కాస్తా పౌడరు పూసుకుని పెళ్ళికి బయల్దేరినట్టు తయారైంది.

"అక్కా, సెల్ఫ్ కొట్టు!"

అక్క ఎక్కి ఇంజను ఆన్ చేసింది. బొంగరం తల లోపల పెట్టి గుడ్లప్పగించి చూశాడు. కాసేపు ఏమీ లేదు. "కొంచెం రేస్ ఇవ్వు" అన్నాడు. ముందు పై మూత ప్యాకింగు దగ్గర తెల్లపొడి మీద ఒక సన్నటి నల్ల గీత దిగింది. హమ్మయ్య, దొరికింది దొంగ అనుకుని ఇలా ఊపిరి పీల్చుకున్నాడో లేదో, అవతలి పక్కన ఇంకో గీత. ముందు సీలు దగ్గర ఒకటి. వెనక ఒకటి. చూస్తుండగా ఆయిలు కొలిచే పుల్ల దాని గొట్టంలోంచి తనంతట తనే పైకి లేచి, చుట్టూ నూనె కక్కింది.

"ఆపు, ఆపేసెయ్!" అని అరిచాడు.

అన్ని చోట్ల నుంచీ ఒక్కసారే కారుతోందంటే అన్ని సీళ్ళూ ఒకేసారి చావవు. లోపల గాలి ఒత్తిడి పెరిగి, దారి దొరక్క, ఏ సందు ఉంటే ఆ సందులోంచి నూనెని బయటికి తోస్తోంది. ఇంకోసారి ఇంజను ఆడించమని, నూనె పోసే మూత కొద్దిగా వదులు చేశాడు. బుస్సుమని వేడి ఆవిరి మొహాన కొట్టింది. ఇంజను ఊపిరి వదలడానికి ఒక గొట్టం ఉంటుంది, బ్రీదర్ పైపు అంటారు. అది మూసుకుపోయిందన్నమాట. ఈ లెక్కన కొత్త సీలు ఎన్నిసార్లు వేసినా ఏం లాభం? రెండుసార్లు గేర్‌బాక్సు మోసిన అతని నడుము ఆ మాటకి కలుక్కుమంది.

అక్కని లోపలికి పంపేసి, పైపు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాడు. అది ఎయిర్ ఫిల్టరు గొట్టానికి తగులుకుని ఉండాలి. అక్కడ లేదు. చివర ఎండి చీలి ఎప్పుడో ఊడిపోయింది. అలా ఊడిన పైపుని ఎవరో వెనక్కి మడిచి, సీటు అడుగున మూలలో పొందిగ్గా దోపారు. చివర ఒక గుడ్డ బిరడా కుక్కి ఉంది. ఏదో చేతికందిన పేలిక కాదు. నాలుగు మడతలు పెట్టి, గట్టిగా చుట్టి, చుట్టూ కుట్లు వేసి, పైపుకి దారంతో బిగించి కట్టారు. అంత నీటుగా కుట్టే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది అతనికి. దారం తెంపి, ఆ బిరడా పీకి, సూటిగా మెట్టు దగ్గరికి వెళ్ళి ఆవిడ మొహం ముందు పట్టుకున్నాడు.

"ఏమిటత్తయ్యా ఇది?"

ఆవిడ తడబడుతుందనుకున్నాడు. ఎక్కడా! ఎదురు తిరిగింది. "ఎందుకు తీశావది? ఎవరు తియ్యమన్నారు నిన్ను? ఆ పొగంతా మళ్ళీ దాని మొహాన కొట్టదూ?"

"ఎవరి మొహాన?"

"మీ అక్క మొహానరా, ఇంకెవరి మొహాన? ఆ గొట్టంలోంచి పొగొచ్చి సీటు సందుల్లోంచి లోపలంతా కమ్ముకునేది. అసలే ఆ గదిలో పాడైన ఛాతీ. దారంతా ఒకటే దగ్గు. కిటికీ తియ్యమంటే తియ్యదు, ఉతికిన దుప్పట్ల మీద దుమ్ము పడుతుందట. నీకు చెప్పింది కదా వాసనొస్తోందని! నువ్వేమన్నావు? పాత బండి కదక్కా, ఆ మాత్రం ఉంటుందన్నావు. తమ్ముడేమో అలా అనె, మొగుడేమో పట్టించుకోడాయె. పక్కన కూర్చుని దగ్గు వింటున్నది నేను. అందుకే నాకు చేతనైంది నేను చేశాను."

ఆ మాట బొంగరం అన్నాడు, నిజమే. వేరే బండి పనిలో ఉండి, తల కూడా ఎత్తకుండా అన్నాడు. ఆ రోజే సీటు ఎత్తి చూసి ఉంటే ఒక్క క్లిప్పుతో పోయే పని. ఇందాక పట్టుకున్నాననుకున్న దొంగ తనే అయ్యేసరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అత్తయ్యా," అన్నాడు మెల్లగా, "మీరు మూసింది ఇంజను ఊపిరి వదిలే దారి. ఆ దారి లేక నూనెంతా అన్ని సందుల్లోంచీ తన్నుకొస్తోంది. అది కారడం ఇందువల్లే."

ఆవిడ సూది గుడ్డకి గుచ్చేసి తలెత్తింది. "అంటే... బండి పోయేది నా వల్లా?"

"కాదు, నా వల్ల."

"మాటలు మార్చకు. రోజూ పొద్దున్నే లేచి, మావాడు చూస్తే బండి అమ్మేస్తాడని, కింద పడ్డ చుక్కలు నేనే తుడుస్తున్నాను. నేనే కారేట్టు చేసి నేనే తుడుస్తున్నానన్నమాట." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, "ముందు దాన్ని బాగుచెయ్యి, నా మొహమేం చూస్తావు" అని కసిరింది.

బొంగరం పరిగెత్తాడు. పైపు చివర ఎండిన ముక్క కోసేశాడు, మిగతాది ఎయిర్ ఫిల్టరు గొట్టానికి ఎక్కించి క్లిప్పు బిగించాడు. ఇప్పుడు ఆ పొగని ఇంజనే పీల్చుకుంటుంది, ఎవరి మొహానా కొట్టదు. పైన తుడిచి మళ్ళీ గంజి పొడి జల్లుతుండగా వీధిలో లారీ ఆగిన చప్పుడైంది. ఇనుపాయన భుజాన గొలుసు వేసుకుని పెరట్లోకి వచ్చాడు. వెనకే బావ, బావ వెనకే అక్క. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంకేం చూస్తావులే, దిగు" అన్నాడు బావ.

"బావా, నీకు దణ్ణం పెడతా, ఒక్క పావుగంట!"

ఎవరి జవాబూ వినకుండా తనే సెల్ఫ్ కొట్టాడు. ఇంజను గుడగుడమని అందుకుంది. రేస్ ఇచ్చాడు, దిగి చూశాడు, ఎక్కి మళ్ళీ రేస్ ఇచ్చాడు. ఆ పావుగంటలో అతను ఎక్కి దిగినన్ని సార్లు ఆ వ్యాను ఎవరూ ఎక్కి దిగి ఉండరు. పుల్ల కదల్లేదు. నూనె మూత తీస్తే బుస్సుమనలేదు. ముందు తెలుపే, వెనక తెలుపే. పై ప్యాకింగు దగ్గర మాత్రం గోరంత తడి ఉంది.

"ఆ ప్యాకింగు ఒకటి ఉబ్బింది, రేపు మార్చేస్తా. మిగతా అంతా నువ్వే చూసుకో" అని బావ తల పట్టుకుని లోపలికి వంచాడు.

బావ చాలాసేపు చూశాడు. "ఇన్నాళ్ళూ ఏమైంది మరి?"

"గాలి గొట్టంలో ఏదో చెత్త అడ్డం పడింది."

"ఏం చెత్త?" అంది అక్క.

"ఏదో చెత్తలే. ఎలక పెట్టిన గూడు."

జేబులోంచి తొంగిచూస్తున్న బిరడాని పిడికిట్లో పట్టి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. బొంగరానికి అబద్ధం ఆడటం కూడా కుదురుగా రాదు, ఒకటే మెలికలు తిరిగిపోయాడు. అక్క వచ్చి ఆ పిడికిలి విప్పింది. నల్లటి గుడ్డ చుట్ట. లాండ్రీలో బతికిన చెయ్యి కాబట్టి, గుడ్డ దొరగ్గానే దానంతటదే మూల కోసం వెతికింది. మడతలు ఒక్కొక్కటీ విప్పుకుంటూ వెళ్ళింది. లోపలి మడతకి నూనె అంటలేదు. అక్కడ, మూల మీద, పసుప్పచ్చ దారంతో కత్తెర గుర్తు.

తన గుర్తు. అక్క దాన్ని చూసింది, పైపుని చూసింది, మెట్టు దగ్గర తల దించుకుని నిలబడ్డ అత్తగారిని చూసింది. బండి పాడు చేద్దామని కుక్కే గుడ్డకి ఎవరూ పేరు కుట్టరు. ఆ ఇంట్లో గుర్తు కుట్టారంటే ఆ వస్తువు ఆ మనిషి కోసమని. పొగ ఎప్పుడు తగ్గిందో, తన దగ్గు ఎప్పుడు తగ్గిందో అక్కకి ఇప్పుడు గుర్తొచ్చింది. పోనీలే అదే తగ్గిందనుకుంది అప్పుడు.

"పారెయ్ దాన్ని" అన్నాడు బావ, ఏమీ అర్థంకాక.

"ఎందుకు పారేస్తాను? గుర్తు నాది, గుడ్డ నాది" అంది అక్క. నూనె కారుతున్నా చూడకుండా దాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

అత్తగారు ముందుకొచ్చింది. "ఒరేయ్, అది ఎలక గూడూ కాదు, పాడూ కాదు. తెలియక నేనే కుక్కాను. ఆ ఇనుపాయన్ని పంపించెయ్. అబ్బాయ్, నా సీటు బిగించు."

బావ తల్లి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. ఇనుపాయన భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా సాగనంపాడు. ఆయన గొలుసు ఈడ్చుకుంటూ, ఊరికే తిప్పారని సణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

సీటు బిగించాడు బొంగరం. ఆసుపత్రి మూటలు ఎక్కాయి. అక్క స్టీరింగు ముందు కూర్చుంది. అత్తగారు దారాల డబ్బాతో పక్కన కూర్చుని, తలుపు వేసుకుని, బయట నిలబడ్డ అతని వైపు తిరిగింది. "అబ్బాయ్, మీ అక్కకి చెప్పు..."

అక్కడ ఆగిపోయింది. కాసేపు దారం ముడి విప్పుతున్నట్టు నటించింది. తర్వాత మెల్లగా కోడలి వైపు తిరిగింది.

"కిటికీ తియ్యవే. దుప్పట్ల మీద దుమ్ము పడితే నేను దులుపుతాలే."

"అలాగే అత్తయ్యా" అంది అక్క, కిటికీ అద్దం కిందికి దించుతూ.